అమ్మ నోట నీ పేరు

బాగేపల్లి

నాయనా,

నిన్న చింతామణి కోర్టులో, దుబాయి నుంచి వీడియోలో తెరమీదికి వచ్చి, "ఆమె ఎవరో నాకు తెలీదు" అన్నావు. నాకు కోపం రావాల్సింది, రాలేదు. జడ్జికి చదివి వినిపిద్దామనుకున్న, మొగుళ్ళు వదిలేసిన ఆడవాళ్ళ గురించి మా సంఘం వేసిన కరపత్రాలు సంచిలోనే ఉండిపోయాయి.

"తెరమీద ఉండేది ఎవరమ్మా?" అని జడ్జి అమ్మను అడిగారు.

"మా పిల్లోడి నాయన, సామీ."

"పేరు?"

అమ్మ అలవాటుగా నావైపు చూసింది. బడిలోనైనా, రేషన్ ఆఫీసులోనైనా నీ పేరు నేనే కదా చెప్పేవాణ్ణి. మొగుడి పేరు ఎత్తితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె భయం. అది మూఢనమ్మకమని ఇంట్లో ఎన్నిసార్లు కేకలు వేశానో! నిన్న మాత్రం లాయరువైపు చూశాను.

"నువ్వే చెప్పల్లమ్మా, లేకుంటే కేసు నిలబడదు" అన్నాడు మా లాయరు.

కొంగు తలమీదికి లాక్కుని, నిన్నే చూస్తూ, "అమరేష్" అంది. పిలిచినట్టే అంది. నువ్వు తలెత్తలేదు.

రేషన్ కార్డులోనూ అదే పేరు చూసి, అమ్మకు జీవనాంశం కింద నెలనెలా భరణం ఇవ్వాలని జడ్జి ఆర్డరు వేశారు. దాన్ని అక్కడి కోర్టుకు పంపుతారట, వాళ్ళు నిన్ను పిలుస్తారట.

వాళ్ళు పిలిచినప్పుడైనా పలుకు.

మునివెంకటమ్మ కొడుకు