నాలుగింతలు చేసిన నీ ముఖం

రత్నం,

నువ్వు వెళ్ళి పదకొండు నెలలు. మేమిద్దరం బాగానే ఉన్నాం. మన సుధ రోజూ దువ్వాడ కాలేజీకి వెళ్ళి వస్తోంది. నాకు స్టీల్ ప్లాంటులో పగటి జనరల్ షిఫ్టు ఇచ్చారు.

నువ్వు కదిలే వీడియో ఒక్కటే మిగిలింది. జాలరిపేటలో నువ్వు చేపలు బేరమాడుతుంటే తీసింది. నలభై సెకన్లు. మీ అక్కకు వాట్సాప్‌లో పంపి, ఫోన్ నిండిపోయిందని అసలుది నేనే చెరిపేశాను. అక్క దగ్గర నుంచి తిరిగి తెప్పించుకున్నది చిన్నది, మసక. టీవీలో పెడితే నీ ముఖం గళ్ళుగళ్ళుగా విడిపోయింది.

సంవత్సరీకానికి అందరూ వస్తారు, టీవీలో నిన్ను చూపించాలి. వాళ్ళ సంగతి అలా ఉంచు... అమ్మ ముఖం సరిగ్గా గుర్తు రావడం లేదని సుధ ఒకరోజు నాతో అంది. అది విన్నాక ఎలా ఊరుకోను?

వీడియోను పెద్దది చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం వెతికాను. ఒక వెబ్‌సైటు వీడియో తమకు పంపమంది. ముక్కూ ముఖం తెలియనివాళ్ళకు నిన్నెలా పంపను? ఇంకొకటి యాంటీవైరస్ ఆపేయమంది. మూసేశాను. చివరికి పేరున్న వీడియో ఎడిటర్‌ను దాని సొంత సైటు నుంచే దించుకున్నాను. ముందుగా రెండు కాపీలు తీసి, ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి నీ చీరల బీరువాలో పెట్టాను. ఒకసారి చెరిపినవాణ్ణి కదా...

దాంతో రెండింతలు చేస్తే గళ్ళు పోయాయి. మసక పోలేదు. ఆశ ఆగదు కదా. ఏఐతో నాలుగింతలు చేసే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చాను. మన పాత కంప్యూటరు ఆదివారమంతా మూలిగింది.

ఎంత స్పష్టంగా వచ్చిందో! ఒక్కో వెంట్రుకా కనబడుతోంది. సుధ ఏడ్చింది. వెంటనే తన ఫోన్‌లో వేసుకుంది.

నేను మళ్ళీ చూశాను. ఎడమ బుగ్గ మీద ఆటలమ్మ గుంట లేదు. "నాకు దిష్టిసుక్క ఎట్టక్కర్నేదు బావా, అమ్మోరే ఎట్టీసింది" అనేదానివే... అది. మసక వీడియోలో అదొక నీడ. యంత్రం మురికనుకుని తుడిచేసింది. పలువరస కూడా సరిచేసింది. గొంతు మాత్రం నీదే. "నన్నేటి తీత్తన్నావ్, సేపని తియ్యి!" ఎవరో అందమైన ఆవిడ నోట్లోంచి నీ మాట.

అమ్మ ముఖం దొరికిందని మురిసిపోతున్న పిల్లకు ఎలా చెప్పను? రెండు రోజులు చెప్పలేకపోయాను. మూడో రోజు టిఫిన్ తింటుండగా రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూసింది. స్పష్టమైనదాన్ని తనే చెరిపేసింది.

సంవత్సరీకం నాడు రెండింతలు చేసినదే వేస్తాం. మసకగా ఉందని ఎవరైనా అంటే అననీ. ఆ మసకలో ఏముందో సుధకు నేను చెబుతాను. మరిచిపోయిన ప్రతిసారీ చెబుతాను.

నీ
బావ