బెత్తెడు వదులు

మైసూరు,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకి,

తమ్ముడు బ్రహ్మం దణ్ణం పెట్టి రాస్తున్నాడు. నేనూ పద్మా ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వూ బావా ఎలా ఉన్నారు? నీ నడుము ఎలా ఉంది? మల్లికకి దగ్గు తగ్గిందా? మిర్చి కల్లంలోకి వచ్చిందా, ఇంకా కోతలు నడుస్తున్నాయా? మన రెంటచింతల వైపు అప్పుడే ఎండలు ముదిరాయని విన్నాను. బావని తలకి తువ్వాలు లేకుండా కల్లానికి పోవద్దని చెప్పు. నేను చెబితే వినడు, నువ్వు చెప్పినా వినడు, అయినా చెప్పు.

చేతిలో ఫోనుండగా వీడు ఉత్తరం రాయడమేందని బావ అంటాడు. నువ్వేమో ఫోను స్పీకర్లో పెట్టి పని చేసుకుంటూ మాట్లాడతావు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి నన్ను పలకరించి పోతారు. నేను చెప్పాల్సింది అందరి మధ్యా చెప్పేది కాదు. మొన్న రెండుసార్లు ఫోన్ చేశాను కదా, చెబుదామనే చేశాను. నువ్వు ఎత్తగానే మిర్చి రేటు అడిగి పెట్టేశాను. నోటితో రాకపోతే కాగితం మీద పెట్టమని పద్మే అంది. కంగారు పడకు, మాకేమీ కాలేదు. నింపాదిగా కూర్చుని చదువు.

ముందు మా సంగతులు చెబుతాను. ఇక్కడ ఎండ ఎండలాగే ఉండదక్కా. పొద్దున్నే మంకీ క్యాప్ పెట్టుకుని పనికి పోతున్నానంటే నువ్వు నవ్వుతావు. కూరల్లో కారం ఉండదు, సాంబారు తియ్యగా ఉంటుంది. నువ్వు ఇచ్చిన గోంగూర పచ్చడి సంక్రాంతి దాకా కూడా రాలేదు. వీలైతే ఇంకో డబ్బా పంపించు. షాపుల బోర్డులు మన అక్షరాల్లాగే ఉంటాయి, సగం చదివేస్తాను, అర్థం మాత్రం కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునేది మేమిద్దరమే, పోట్లాడుకునేదీ మేమిద్దరమే. ఒక్కోసారి బస్టాండులో మాచర్ల వైపు మాట వినపడితే ఆ మనిషి వెనకాలే నాలుగడుగులు నడుస్తాను. పలకరించను, ఊరికే వింటాను. అయినా బాగానే ఉన్నాంలే.

పని మారిన సంగతి నీకు సగమే చెప్పాను. మేస్త్రీ నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది అపార్టుమెంట్లలో అల్మరాలు బిగించడానికి. అది అయిపోయాక అతను ఇంకో ఊరు పోయాడు, నేను పోలేదు. అప్పుడు దొరికింది ఈ పని. కాళ్ళూ చేతులూ సరిగా పట్టులేని పిల్లలకి వ్యాయామాలు నేర్పించే చోటు ఇది. వెనకాల ఒక షెడ్డు ఉంది, అందులో ఆ పిల్లలకి కుర్చీలు, నిలబెట్టే చెక్కలు చేస్తాం. నీకు ఇన్నాళ్ళూ ఫర్నిచర్ పని అని మాత్రమే చెప్పాను. ఎందుకు దాచానో ఈ ఉత్తరం అయ్యేసరికి నీకే తెలుస్తుంది.

ఇక్కడ కుర్చీలు దేంతో చేస్తారో చెబితే నాన్న ఉంటే నన్ను ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. అట్టపెట్టెలతో. కిరాణా కొట్టుల్లో పారేసే అట్టపెట్టెలు తెచ్చి, మైదాపిండి ఉడికించిన జిగురుతో పొర మీద పొర అంటించి, బరువు పెట్టి ఎండబెడతాం. బండి చక్రాలు చేసిన వడ్రంగి కొడుకుని, తుమ్మా టేకూ చెక్కినవాణ్ణి, పిండి ఉడకబెట్టుకుంటూ కూర్చున్నాను. మొదటి వారం ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని పద్మ దగ్గర మాట తీసుకున్నాను. కానీ ఎండాక ఆ అట్ట మీద నేను ఎక్కి నిలబడ్డాను. కదల్లేదు. పైన పాత న్యూస్ పేపర్లు అంటించి వార్నిష్ వేస్తే నీళ్ళు పడినా తుడుచుకోవచ్చు. రంపం అక్కర్లేదు, కత్తితోనే కోయొచ్చు. పిల్ల ఎదిగితే ఇంకో పొర వేయొచ్చు, లేదా ఆ కుర్చీ చిన్నపిల్లకి ఇచ్చి దీనికి కొత్తది చేయొచ్చు. చెట్టు కొట్టే పనే లేదు.

ఇంకో సంగతి. నేను నేల మీద గొంతుక్కూర్చుని, చెక్కని కాలితో తొక్కిపెట్టి పని చేస్తాను కదా, ఇక్కడా అలాగే మొదలెట్టాను. సుశీల మేడం అని పిల్లలకి వ్యాయామం చేయించే ఆవిడ ఉంది. కోలారు వైపు మనిషి, తెలుగు బాగానే మాట్లాడుతుంది. ఆవిడ నన్ను లేపి, నా మోచెయ్యి ఎత్తు కొలిచి, అంత ఎత్తు బల్ల వేయించింది. నిలబడి పని చేస్తే పని చేసినట్టే అనిపించేది కాదు. నెల తిరిగేసరికి నా నడుము నొప్పి ఎటు పోయిందో తెలియదు. ఇన్నేళ్ళూ ఆ నొప్పి మన కులవృత్తితోపాటు వచ్చేదే అనుకున్నాను. నేలమీద పని నేలమీదే చేయాలని ఎవరో అన్నారనుకుని చేస్తూ వచ్చాం గానీ, అలా అన్నవాళ్ళు ఎవరూ లేరక్కా.

ఇక అసలు సంగతి.

మూడు వారాల కిందట గౌరి అని అయిదేళ్ళ పాపకి కుర్చీ చేయమన్నారు. మన మల్లిక లాంటిదే. మెడ నిలవదు, ఒళ్ళు ఒకసారి బిగుసుకుంటుంది, ఒకసారి వదిలేస్తుంది. మేడం కొలతలు రాసిచ్చింది. నేను ఒక్కడినే చేసిన మొదటి కుర్చీ, నునుపుగా, అంచులు గుండ్రంగా చేశాను. పాపని అందులో కూర్చోబెట్టారు. రెండు నిమిషాలు కాలేదు, నడుము ముందుకి జారింది, వీపు విల్లులా వంగింది, తల పక్కకి వాలిపోయింది. పాప ఏడుపు మొదలెట్టింది. మేడం ఎత్తుకుని, కుర్చీని టేపుతో కొలిచి, నా వైపు తిరిగింది. కూర్చునే చోటు నాలుగు వేళ్ళు, బెత్తెడు, ఎక్కువుంది. వెడల్పూ అంతే. ఎందుకని అడిగింది.

నేను గొప్పగానే చెప్పాను. "పెరిగే పిల్ల గదా మేడం. ఇంకో రెండేళ్ళు వస్తదని వదులు పెట్టా."

మనం అందరం చేసేది అదే కదా. బడి యూనిఫాం మడతలు పెట్టి కుట్టించేవాళ్ళం, ఏడాదికో మడత విప్పేవాళ్ళం. చెప్పులు పెద్దవి కొని ముందు దూది కుక్కేవాళ్ళం. నా పదో తరగతి చొక్కా ఆరో తరగతిలో కుట్టించిందే. సరిగ్గా సరిపోయేది కుట్టించేవాణ్ణి మనూళ్ళో తెలివితక్కువవాడు అంటారు.

మేడం కోప్పడలేదు. "ఆ పాప ఈ రోజు కూర్చోవాలి బ్రహ్మంగారూ. రెండేళ్ళ తర్వాత కాదు" అంది. తర్వాత నేల మీద కూర్చుని నాకు విడమరిచి చెప్పింది. కూర్చునే చోటు పొడుగైతే మోకాలి వెనక అంచు తగులుతుంది, వీపుకి వెనక చెక్క అందదు, అందుకని పిల్ల ముందుకి జారుతుంది. కాళ్ళు నేలకి ఆనకపోతే ఒంటికి పట్టు దొరకదు. మంచి ఒళ్ళున్న పిల్లయితే సర్దుకుని కూర్చుంటుంది, ఈ పిల్లలు సర్దుకోలేరు. జారే పిల్లని గుడ్డతో కట్టేస్తే ఇంకా ప్రమాదం, గుడ్డ గొంతుకి వస్తుంది.

అక్కా, ఆ మాట వినేసరికి చేతిలో కత్తి పక్కన పెట్టేశాను.

నేను ఎందుకు ఆగిపోయానో నీకు తెలుసు. మల్లికకి నాలుగేళ్ళప్పుడు నేను టేకుతో కుర్చీ చేశాను. నాన్న దాచిన పలకలు తీసి, పెళ్ళీడు వచ్చేదాకా వాడుకోవాలని చేశాను. అప్పుడూ బెత్తెడు వదులు పెట్టాను, బెత్తెడు కాదు, ఇంకా ఎక్కువే. జారుతుంటే బావ తువ్వాలుతో రొమ్ము దగ్గర కట్టింది నేనే. నువ్వు పొయ్యి దగ్గరికి పోయి వచ్చేసరికి పిల్ల కిందికి జారి తువ్వాలు గొంతు కిందకి వచ్చింది. నువ్వు పెట్టిన కేక నాకు ఇప్పటికీ వినపడుతుంది. దేవుడి దయ, అప్పుడే చూశావు. ఆ రోజు సాయంత్రం నేను కుర్చీని అటక మీద పడేసి నీతో ఏమన్నానో నీకు గుర్తుంది. "దీనికి కూర్చునే యోగం లేదక్కా. పడుకోబెట్టు."

నువ్వు ఎదురు చెప్పలేదు. చేసినవాడే అన్నాక నువ్వేమంటావు. ఏడేళ్ళయింది. అప్పటినుంచి అది మంచంలోనే ఉంది. పడుకునే తింటుంది, అందుకే ఆ దగ్గు అని మేడం అంటోంది. నువ్వు రోజూ వంగి ఎత్తీ దించీ నడుము పోగొట్టుకున్నావు. ఇదంతా దాని జబ్బు అనుకున్నాం. జబ్బు ఉంది, కాదనను. కానీ ఆ రోజు జరిగినది జబ్బు వల్ల కాదు. నేను తప్పు కొలత పెట్టాను. పదిహేనేళ్ళు రావాలని టేకు పెట్టి చేసిన కుర్చీ పట్టుమని పది రోజులు వాడలేదు. చెక్క మిగిలించాననుకున్నాను, పిల్లని పాడు చేశాను.

గౌరి సంగతి చెబుతాను విను. ఆ సాయంత్రమే బెత్తెడు కోసేశాను. రెండు పక్కలా అట్ట మెత్తలు పెట్టాను, కాళ్ళ కింద పీట అంటించాను. మర్నాడు కూర్చోబెట్టారు. జారలేదు. తల నిలవడానికి కాస్త సమయం పట్టింది. ఇంతకాలం ఒంటిని పట్టుకోవడానికే సరిపోయిన చేతులు ఖాళీ అయినట్టున్నాయి, వాళ్ళమ్మ గాజులు పట్టుకుని లాగింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, లాగనిచ్చింది. నేను షెడ్డు వెనక్కి పోయి చేతులు కడుక్కుంటూ ఏడ్చాను. పిండి జిగురు ఎంతకీ పోదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మల్లిక గురించి మేడంకి అంతా చెప్పాను. ఏడేళ్ళు పడుకున్న పిల్లకి తుంటి, మోకాళ్ళు బిగిసిపోయి ఉంటాయట. ముందు డాక్టరుకి చూపించాలి, వెన్ను చూడాలి, తర్వాతే కుర్చీ. మొదట పది నిమిషాలే కూర్చోవచ్చు, ఎప్పటికీ అరగంట దాటకపోవచ్చు. నడుస్తుందని నేను నీకు చెప్పను, మేడం కూడా చెప్పలేదు. కానీ కూర్చుని తినొచ్చు, కూర్చుని వీధి చూడొచ్చు అంది. నరసరావుపేటలో ఇలాంటి పిల్లల్ని చూసే డాక్టరు ఎవరున్నారో కనుక్కుని చెబుతానంది. అటక మీది కుర్చీ మాత్రం ఎవరు చెప్పినా దించొద్దు.

ఈలోగా రెండు పనులు చెయ్యి. మంచం కోళ్ళ కింద రెండేసి ఇటుకలు కదలకుండా పెట్టించు. అప్పుడు మల్లిక కాస్త ఎత్తుకి వస్తుంది, నువ్వు అంత వంగక్కర్లేదు. రాత్రుళ్ళు మంచాన్ని గోడకి ఆనించి పెట్టు, పిల్ల దొర్లి పడకుండా. నులక సాగి ఉయ్యాలలా దిగింది కదా, బావ చేత బిగించి అల్లించు. రెండోది, దారంతో కొలతలు తీసి పంపించు. పక్కకి పడుకోబెట్టి మోకాళ్ళు మెల్లిగా మడిచి, పిరుదు వెనక నుంచి మోకాలి మడత దాకా ఒక దారం. మోకాలి మడత నుంచి మడమ దాకా ఒకటి. తుంటి ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటి. ఒక్కో దారానికి కాగితం కట్టి ఏది ఏదో రాయి. బావ కొలిస్తే రెండు వేళ్ళు కలిపి కొలుస్తాడు, మనిషి స్వభావం అది. నువ్వే తియ్యి. ఒక్క వేలు కూడా కలపొద్దు.

ఇదంతా నువ్వు ఒప్పుకుంటేనే అక్కా. మళ్ళీ నా చేతి కుర్చీలో పిల్లని కూర్చోబెట్టడానికి నీకు భయం వేస్తే, నేనేమీ అనుకోను. నాకూ భయంగానే ఉంది. వేరేవాళ్ళ చేత చేయించి పంపమన్నా పంపుతాను. ఇంకా ఆలస్యం మాత్రం చేయొద్దు, ఏడేళ్ళు నేను చేసిందే చాలు.

పిల్లలకి సెలవులిచ్చాక మేడం నన్ను పది రోజులు ఊరికి పంపిస్తానంది. అప్పుడు నేనూ పద్మా వస్తాం. బావకి నా నమస్కారం. మీ అత్తమ్మకి దణ్ణం పెట్టానని చెప్పు. అలిగితే అలుగు, తిడితే తిట్టు, కానీ మమ్మల్ని చల్లగా ఉండమని అను. పెద్దదానివి నువ్వు అనకపోతే మాకు ఇంకెవరూ లేరు.

నీ తమ్ముడు
బ్రహ్మం

ఇక ఈ కింద ఉన్నది నీకు కాదు. మల్లికకి. మంచం దగ్గర కూర్చుని, దాని చెయ్యి పట్టుకుని, పైకి చదువు.

మల్లికా, తల్లీ, నేను మామయ్యని. నీకు కూర్చునే యోగం లేదని నీ పక్కనే నిలబడి అన్నాను. నువ్వు విన్నావు. నీకు అర్థం కాదని అనుకుని అన్నాను, అది ఇంకో తప్పు. ఆ రోజు జారడం నీ తప్పు కాదమ్మా. కుర్చీ నీది కాదు, పెద్దయ్యాక నువ్వు ఎలా ఉంటావో ఊహించుకుని వేరే పిల్లకి చేశాను. ఈసారి నీకే చేస్తాను, ఇప్పుడు నువ్వు ఎంత ఉన్నావో అంత. నాతో మాట్లాడాలనిపిస్తే మాట్లాడు, కోపం పోయేదాకా మాట్లాడకపోయినా సరే.