పిల్లోని గుడ్డలు వాకిట్లో ఆరెయ్యండి

దెబోరా, పండుకోనుంటివి, లేపబుద్ధి కాల్యా. పిల్లోని మందు ఆళ్లగడ్డలో యాడా దొరకల్యా, నంద్యాలకు పోతాండా. వాడు కడుపులో ఉన్నప్పుడే స్కానింగులో కిడ్నీ వాచిందన్యారు గదా, ఉచ్చ పోస్తాండాడా లేదా చూస్తాండు. రాత్రి తక్కువ పోసినాడు, నాకు మనసు నిలవడంల్యా. ఒళ్లు కాలినా, గుడ్డ తడవకున్యా, మీ నాయనతో జీపు పిలిపించి నేరుగా నంద్యాల డాక్టరు కాడికి రాండి. నా కోసం చూడొద్దు.

పక్కింటి రామేశ్వరమ్మ వచ్చి, బాలింతవు నీళ్లు తాగొద్దంటాది. వినొద్దు, తాగు. నువ్వు పుట్టినప్పుడు నన్ను గూడా అట్లే ఎండబెట్టింది.

అమ్మ

దిష్టి తగుల్తాదని వాని గుడ్డలు పెరట్లో దాచి ఆరేస్తాంటి గదా. ఈ పొద్దు తడిసినవన్నీ మీ నాయనతో వాకిట్లో తీగ మీద ఏయించు, ఎవురు నవ్వినా సరే. బస్సు దిగి సందు తిరగంగానే నాకు కనపడాల.