అరుగు మీద రాట్నాలు

12 జూలై 1988, సిరిసిల్ల
పత్రిక డెస్క్ నుంచి ఫోన్. ఎక్కువ మందిని కన్న తల్లులు ఎక్కువ కాలం బతుకుతారా? ఆదివారానికి ఫీచర్ కావాలట. మా ఇంటి ఓనర్ దేవవ్వ గుర్తుకొచ్చింది. తొమ్మిది కాన్పులు. అరవై అయిదు దాటినా పొద్దంతా రాట్నం మీద నూలు కండెలు చుడుతుంది.

13 జూలై
దేవవ్వ ఇంట్లో గొడవ. కోడలు బాలలక్ష్మికి నలుగురు ఆడపిల్లలు. చివరి కాన్పులో రక్తం పోయి చావు తప్పింది. ఇంకో కాన్పయితే బతకదని డాక్టరమ్మ చెప్పింది. ఈమె ఒంట్లో రక్తం లేదు, మొగుడు పర్శరాములు ఆపరేషన్ చేయించుకుంటే మేలంది.

దేవవ్వ వినలేదు. పొద్దుమాపు నిలబడి సాంచె నడిపేటోనికి కోత పెడ్తరా అంది. పవర్‌లూమ్‌ను ఇక్కడ సాంచె అంటారు; వీళ్ళది ఇంటి వెనక కొట్టంలోనే ఉంది. నేను తొమ్మిది మందిని కన్న, సచ్చిన్నా సారూ అని నన్నే అడిగింది.

15 జూలై
వీధిలో ముసలమ్మలను కలిశాను. అందరూ ఎనిమిది, పది మందిని కన్నవాళ్ళే. గట్టిగానే ఉన్నారు. పోరగాళ్ళ తోటి ఒర్రి ఒర్రి పెయ్యి మొద్దువారింది, యముడు గుంజినా కదలదు, రాసుకో అంది కిష్టవ్వ, ఒళ్ళు చరుచుకుంటూ. అందరూ నవ్వారు.

రాత్రి తట్టింది. నేను బతికినవాళ్ళనే అడిగాను.

16 జూలై
దేవవ్వను అడిగాను, కోడలిగా వచ్చినప్పుడు పక్కన ఎవరెవరు కండెలు చుట్టేవారని. గీ అరుగు నిండ రాట్నాలే ఉంటుండె అంది. చేత్తో ఒక్కో చోటూ చూపించింది. గీ మూలకు మా తోటికోడలు, ఆరో కాన్పుల పోయింది. గీడ రాజవ్వ, బాలింత రోగం. స్తంభం కాడ మా ఆడిబిడ్డ, కడుపుల పిల్ల అడ్డం తిరిగింది.

తర్వాతి చోట బాలలక్ష్మి కూర్చుని కండెలు చుడుతోంది. దేవవ్వ చెయ్యి అక్కడ ఆగింది.

18 జూలై
ఫీచర్ పంపలేదు.

21 జూలై
ఆపరేషన్ క్యాంపు జీపు వచ్చింది. కొడుకును దేవవ్వే బయటికి తోలుకొచ్చింది. సాంచెల కాడ దోస్తులు చీరె కట్టుకొమ్మంటరు అవ్వా అని వాడు గొణిగాడు. అననియ్యి, ఆళ్ళొచ్చి కంటరా అంది.

22 జూలై, పొద్దున ఆరు
సాంచె చప్పుడుకు మెలకువ వచ్చింది. ఆపరేషనైన పర్శరాములు మంచం మీదే ఉన్నాడు. మా వీధిలో ఆడవాళ్ళు సాంచె నడపగా ఎన్నడూ చూడలేదు.

కొంగు నడుముకు చుట్టి, సాంచె ముందర దేవవ్వ.