నిప్పు వేరు చేసుకోండి

కమినుమ
ఏప్రిల్, కొండ మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది

ప్రియమైన తోసేకు,

నువ్వు వెళ్ళాక ఇల్లు ఇల్లులా లేదని రాస్తే నవ్వుతావు. అందుకే అది రాయను. పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ జాడీలో అడుగు కనిపిస్తోందని మాత్రం రాస్తాను. కోడలు మిత్సుయే ఎలా ఉంది? మన పిల్లాడు కలప మిల్లు నుంచి వేళకు ఇంటికి వస్తున్నాడా?

నిన్న ఒక ఎలుగును గాయపరిచి వదిలేశాను. ఎవరో చెప్పగా నీ చెవిన పడేకంటే నేనే చెప్పడం మేలు.

దిగువ నుంచి మనవాళ్ళు కేకలు వేస్తూ తోలుకొచ్చారు. వేటకు పెద్ద తత్సుగోరో కదా, ఎప్పటిలాగే నన్ను పై గట్టున నిలబెట్టాడు. ఎడమచేతి వేళ్ళ సందున రెండు తూటాలు పెట్టుకున్నాను. మనది ఒక్క తూటా తుపాకీ. పేలాక బోల్టు లాగి, ఖాళీ గొట్టం పడేసి, ఇంకోటి పెట్టేలోపు ఎలుగు వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. "రెండో తూటా నీ ధైర్యానికిరా, ఎలుగుకి కాదు" అనేవాడు మా నాన్న. అది దగ్గరికొచ్చేదాకా ఆగడం, ఒక్క దెబ్బతో ముగించడం, నేను నేర్చిన విద్యంతా ఇంతే.

ఆగాను. తీరా అది గట్టెక్కేసరికి నా కుడికంటికి రెండు ఎలుగులు కనిపించాయి. ఏది నిజమో తేల్చుకుని కొట్టాను. తుంటికి తగిలింది. రెండో తూటా పెట్టేసరికి వెదురుపొదల్లోకి దూరిపోయింది. మంచు మీద నెత్తురు చాలాదూరం కనిపించింది, తర్వాత వాన మొదలై అదీ పోయింది.

తత్సుగోరో వెనక్కి తిరిగి ముందు దిగిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ లోటు మన జట్టు కుర్రాడు ఇసాకు తీర్చాడు. వాడి కొత్త అయిదు తూటాల తుపాకీ నిమురుకుంటూ, "కుమె మామా, ఒక్క తూటా తుపాకీకి ఒంటికన్ను వేటగాడు, జోడీ భలే కుదిరింది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నెత్తురు ఎవరు కారిస్తే వెతకాల్సిందీ వాళ్ళే అన్నది మన ఆచారం. కాబట్టి వెతకాలి. కాళ్ళు మాత్రం రానంటున్నాయి. అలసిపోయాను తోసే. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

నీ
కుమెజో


నోషిరో
సముద్రపు గాలి, ఆరేసిన బట్ట ఆరదు

ఇంటాయనకు తోసే రాస్తున్నది,

ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ మీ మీద కోపమే వచ్చింది. కంట్లో పొర ఉందని పోయిన శరదృతువులోనే అన్నాను. "పొర కాదు, పొగమంచు" అన్నారు. పొగమంచు ఇంటి లోపల కూడా ఉంటుందా?

కోడలు బాగానే ఉంది. కాన్పుకి ఇంకా నెల పైనే పడుతుందని మంత్రసాని చెప్పింది. ఆడపిల్ల కావాలట దానికి. మెల్లగా అను తల్లీ, మీ మామగారి కొండదేవత వినగలదు అన్నాను. ఆవిడకు ఆడదాని పేరెత్తితేనే పడదు కదా. ఆవిడకోసమేగా నిండు నెలల కోడలిని మన ఇంట్లో ఉంచకుండా, నేనే ఇంత దూరం వచ్చి ఈ మిల్లు గదిలో చాప పరుచుకున్నాను.

దానికి మన ఇంటి పద్ధతి చెబితే నోరు తెరిచింది. నాకు అయిదు కాన్పులయ్యాయి, "పుట్టాడు" అన్న మాట ఒక్కసారీ మీ ముందు అనలేదు. పక్కింటావిడ గడప దగ్గర నిలబడి "నిప్పు వేరు చేసుకోండి" అనేది. అంతే, మీకు అర్థమయ్యేది. ఏడు రోజులు వేరే పొయ్యి మీద మీ అన్నం మీరే వండుకునేవారు, తుపాకీ ముట్టుకునేవారు కాదు. "మరి బిడ్డను ఎప్పుడు ఎత్తుకునేవారు అత్తా?" అంది.

వెతకడానికి వెళ్ళకండి. ఇసాకు దగ్గర అయిదు తూటాలున్నాయిగా, వాడిని వెళ్ళనివ్వండి. ఇక్కడ కంటి డాక్టరు ఉన్నాడు, వచ్చి చూపించుకోండి. నేను ఎప్పుడూ ఏదీ అడగలేదు మిమ్మల్ని. ఇది అడుగుతున్నాను.

తోసే


కమినుమ
వాన

ప్రియమైన తోసేకు,

నువ్వు అడిగింది ఇవ్వలేను. ముందే ఆ మాట రాసేస్తే మిగతాది రాయడం తేలిక.

మొన్న పొద్దున ఊమె ముసలమ్మ వాగు అవతల కొత్త చిగుళ్ళు కోసుకోవడానికి వెళ్ళింది. వెదురుపొదల్లోంచి నా ఎలుగు లేచింది. నాదే, వెనక కాలు ఈడుస్తోందట. ముసలమ్మ నెత్తి మీద చర్మం చీరేసింది. బతుకుతుంది అంటున్నారు. చూడ్డానికి వెళితే, తలంతా కట్టు కట్టుకుని కూడా "దాన్ని తిట్టకు కుమె, దానికి నొప్పి పుట్టి కదా" అంది. నన్ను తిట్టలేదు. ఈ ఊళ్ళో నన్ను తిట్టేవాళ్ళే కరువైపోయారు.

సాయంత్రం తత్సుగోరో ఇంట్లో కూర్చున్నాం.

"వాన ఆగి మంచు గట్టిపడగానే ఎక్కుదాం. పొదలోకి ముందు ఎవరు?" అన్నాడాయన.

"ఆచారం ఉందిగా. నేనే" అన్నాను.

"మామా, నీకు రెండు కనబడితే మాకు చెప్పు, చెరోటీ పంచుకుందాం" అన్నాడు ఇసాకు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

గాయపడ్డ ఎలుగు పొదలో ఎదురుపడితే రెండో తూటాకు వ్యవధి ఉండదు. ఆ మొదటిది నా కన్ను ఎటు పంపుతుందో నాకే తెలియదు. భయం అనుకోకు. ఈ వయసులో భయపడ్డానికి కూడా ఓపిక ఉండాలి. నా పని నేను ముగించాలి, అంతే. మా నాన్న ఇచ్చిన చలి కోటు పెట్టెలో అడుగున ఉంది, పిల్లాడికి ఇవ్వు. ఎలుగు పిత్తం ఎండబెట్టింది దూలానికి వేలాడుతోంది, కోడలికి కడుపునొప్పి వస్తే గోరంత వెయ్యి.

కుమెజో


తంతి
నోషిరో నుంచి

మనవడు పుట్టాడు. తల్లీబిడ్డ క్షేమం. కొండ ఎక్కకండి. తోసే


కమినుమ
మే, వాగులో మంచునీళ్ళ హోరు

ప్రియమైన తోసేకు,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాస్తే ఏం రాయాలో తెలియలేదు.

తంతి వచ్చేసరికి నడుముకు తాళ్ళు కట్టుకుంటున్నాను. తత్సుగోరో గుమ్మంలోనే ఉన్నాడు. కాగితం ఆయన చేతికిచ్చాను. రెండుసార్లు చదివాడు. "మనవడా! అయితే పురిటి మైల. మన నెత్తురు ఏ ఊళ్ళో పుట్టినా మైలే. కూర్చో ఇంట్లో" అన్నాడు. ఆయన తుపాకీ వానకు నాని బిగుసుకుపోయింది. గోడనున్న నాది నన్ను ముట్టుకోనివ్వకుండా తనే తీసుకున్నాడు.

పొదలోకి ముందు ఇసాకు వెళ్ళాడు. కదిలిన ప్రతి ఆకునూ కొట్టాడు. అయిదూ అయిపోయాక ఎలుగు లేచింది. వాడి కుడిచెయ్యి మోచేతి దగ్గర నమిలేసింది. తత్సుగోరో నాలుగడుగుల దూరందాకా వెళ్ళి, నా తుపాకీతో ఒక్కటే కొట్టాడు. ముగిసింది. ఇసాకు బతికాడు. ఆ చెయ్యి ఇక తుపాకీ పట్టదు.

చూడ్డానికి వెళ్ళాను. "మామా, నీ మనవడు మంచి వేళ చూసుకుని పుట్టాడు" అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో. ఎగతాళి చేసి ఉంటే భరించేవాణ్ణి. ఈ ఏడు వాడి పొలంలో నాట్లు నేనే వేస్తున్నాను. నడుము విరుగుతోంది, విరగనీ.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది. నువ్వు అక్కడ వణుకుతూ ఉంటావు, "ఇంకా పుట్టని బిడ్డ మీద అబద్ధమాడాను, దేవత ఏం చేస్తుందో" అని. వణకకు. అది అబద్ధమని ఆ తంతి చూసినప్పుడే నాకు తెలుసు. అయిదు కాన్పుల్లో నువ్వు "పుట్టాడు" అన్న పాపాన పోలేదు. నిజంగా పుట్టి ఉంటే "నిప్పు వేరు చేసుకోండి" అని తంతి కొట్టించేదానివి. ఆ మాట అబద్ధానికి వాడడానికి నీకు చెయ్యి రాలేదు. నన్ను మోసం చెయ్యగలవు గానీ కొండదేవతను చెయ్యలేవు.

తెలిసీ కూర్చున్నాను తోసే. "ఇది నిజం కాదు" అని ఒక్కమాట తత్సుగోరోతో అంటే చాలు, ఇసాకు చెయ్యి దక్కేది. నోరు పెగల్లేదు. వద్దని ఆచారమే అంటే బాగుండునని అప్పటికి ఎన్నాళ్ళ నుంచో కాచుకుని ఉన్నాను. అబద్ధం నీది, కానీ దాన్ని వాడుకున్నది నేను. అందుకని ఏడు రోజులూ నిప్పు నిజంగానే వేరు చేసుకున్నాను. మాడిన అన్నం తిన్నాను. తర్వాత దేవత గుడికి వెళ్ళి ఎండబెట్టిన తేలుచేపను చూపించాను. తనకంటే వికారమైన మొహం చూస్తే ఆవిడకు సంతోషం కదా. తప్పేదైనా ఉంటే నా లెక్కలో వేసుకోమ్మా, ఆడవాళ్ళ జోలికి పోకు అని చెప్పాను.

తుపాకీ తత్సుగోరో తెచ్చిచ్చాడు. తీసుకోలేదు. "ఇక నన్ను వేటగాళ్ళ లెక్కలోంచి తీసెయ్" అన్నాను. "సరే" అన్నాడు. ఇద్దరం చాలాసేపు టీ తాగాం.

నాట్లు కాగానే కన్ను చూపించుకోవడానికి వస్తాను.

నీ
కుమెజో


నోషిరో

ఇంటాయనకు తోసే రాస్తున్నది,

ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత ఒళ్ళు మండింది. తెలిసి కూడా నన్ను ఇన్నాళ్ళు వణకనిచ్చారా? రోజూ పొద్దున సముద్రం వైపు తిరిగి దండం పెట్టుకున్నాను, మోకాళ్ళు అరిగిపోయాయి. ఇసాకు తల్లి మొహం ఎలా చూడాలో నాకూ తెలియడం లేదు. మిగిలిన నాట్లు తిరిగి వెళ్ళాక ఇద్దరం వేద్దాం.

ఇవాళ పొద్దున అన్నం ఉడుకుతుండగా మంత్రసానిని పిలిచాం, గంజి వార్చేలోపే కాన్పయిపోయింది. బిడ్డ మొహం అచ్చం మీరు గుళ్ళో చూపించిన ఎండుచేపే. మీ దేవత చూస్తే మురిసిపోతుంది.

వేటగాడి పెళ్ళాన్నయితే ఇక్కడ ఆ ఒక్కమాటే రాసి ఊరుకోవాలి. మీరిప్పుడు వేటగాడు కారుగా. అందుకని నిప్పు వేరు చేసుకోవద్దు. ఉన్న పళాన బయలుదేరి వచ్చి ఎత్తుకోండి. మన అయిదుగురిలో ఒక్కరినీ పసిగుడ్డుగా ఉండగా ఎత్తుకోలేదు మీరు.

పుట్టింది. ఆడపిల్ల. ఈసారి నిజం.

తోసే