తాళం లేని తలుపు

ఒరేయ్ ఏసోబూ, పాస్‌వర్డ్ ఎవరికి చెప్పి పోయావురా? నువ్వు చదవవని తెలిసీ అడుగుతున్నాను.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చూపు తగ్గిన మన సంఘం ముసలమ్మలకు బైబిలు వాక్యం వినిపించేందుకు నువ్వు రాసిన ప్రోగ్రామ్ ఉన్న సైట్ ఈ సాయంత్రం మూతపడుతుంది. అందులో చదివే గొంతు నీదే. నెలనుంచి నీ డైరీలన్నీ వెతికాను, పాస్‌వర్డ్ దొరకలేదు. సింహాల గుహలో దానియేలు గురించి గొంతు చించుకుని బోధించేవాణ్ణి, ఇప్పుడు నాకే భయం పట్టుకుంది.

చివరికి నరసరావుపేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే మస్తాన్ దగ్గరికి పరిగెత్తాను. వాడు సైట్ తెరిచి చూసి నవ్వాడు.

"ఏంది బాబాయ్, తీసుకోడానికి పాస్‌వర్డ్ ఎందుకు? ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చని ఆయనే ఇక్కడ రాసిపెట్టాడుగా! మళ్లీ యాడ పెట్టాలో చెప్పు. పెద్ద కంపెనీ సైట్లో అయితే చానామందికి కనపడుద్ది. ఇంకోటి నలుగురు కలిసి నడిపేది, చిన్నది."

పెద్ద కంపెనీవాళ్లు రేపు తలుపు మూస్తే? చిన్నవాళ్లు చేతులెత్తేస్తే? ఏది బండమీది ఇల్లో, ఏది ఇసుకమీది ఇల్లో తెలియలేదు. అప్పుడు మన పాటల పుస్తకం గుర్తొచ్చింది. మందిరంలోది చెదలు తినేసినా, ఇంటింటా ఆడవాళ్లు చేత్తో ఎక్కించుకున్న నోటుబుక్కుల్లో పాటలు మిగిలాయి కదా. రెండు చోట్లా పెట్టమన్నాను, ప్రతి ఇంటి ఫోన్లోనూ వెయ్యమన్నాను.

అంతలో కరెంటు పోయింది. వాడి కొట్లో బల్లమీద కూర్చునే ఇది రాస్తున్నాను. నాలుగు దాటింది. ఇదుగో, ఫ్యాను తిరిగింది.

మస్తానూ, టీ తర్వాత తాగుదువుగాని, లే! ఏసోబు గొంతు పోకముందే, ఆ సైట్లోంచి ఇప్పుడే దించరా!