కాగిన నీళ్లలో ముంచిన గుడ్డ

చి. ప్రాజక్తకు,

ముఖేడ్ నుంచి బాపమ్మ దీవించి రాసేది. నా మోకాళ్లు తప్ప ఇక్కడ అందరం క్షేమం. నువ్వు సన్నబడ్డావేమోనని ఒకటే రంది.

నీ ఉత్తరం మీ బాపు కైలాశ్ రెండుసార్లు చదివి వినిపించాడు. చైనాకు పోయి, వెదురు తినే ఆ నలుపు తెలుపు ఎలుగు పేడ వెతుకుతున్నావట. చేతులు సబ్బుతో కడుక్కుంటున్నావా?

"పేడల ఏముంటదిరా?" అని అడిగాను.

"కంటికి కానరాని జీవాలుంటయమ్మా. అడవిల తిరిగే పాండా కడుపుల ఒక తీరు, జాలీ బోనుల పెరిగినదాని కడుపుల ఇంకో తీరు. రెండూ వెదురే తింటయి గని."

"జాలీలదాన్ని అడవిల ఇడిస్తె?"

"మెల్లమెల్లగ దాని కడుపు గూడ అడవిదైతదట."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయిస్తలేదు. అదే ఉత్తరంలో కింద, నిన్ను నెలల తరబడి ఏడిపించిన కడుపునొప్పి నువ్వు కిరాయికుంటున్న ఇంటామె పులియబెట్టిన ముల్లంగి తిన్నాక తగ్గిందని రాశావు. ఆ ముసలామెనే కదా నువ్వు ముందటి ఉత్తరాల నుంచీ 'నైనై' అని పిలుస్తున్నది. అంటే అక్కడి మాటలో బాపమ్మేనట.

"మంచిదే గదనే, పిల్లకు ఒక మనిషి దొరికింది" అన్నాడు మీ బాపు.

"నేను సచ్చిన్నా ఏందిరా, ఇంకో బాపమ్మ దేనికి?" అన్నాను. వాడు పడిపడి నవ్వాడు. ముల్లంగి పులియబెట్టడం ఏం పెద్ద విద్య! నీకు మొదటి ముద్ద నా పెరుగుతోనే కలిపి పెట్టాను.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. నేను పంపిన తోడు గుడ్డను మూడుసార్లు గోరువెచ్చని పాలలో వేసినా పెరుగు కాలేదు, చలికా, పాలు మంచివి కావా అని అడిగావు. చలి తప్పు కాదు బిడ్డా, పాల తప్పూ కాదు. నా పెండ్లికి మా అమ్మ మా పుట్టిల్లు మర్ఖేల్ నుంచి పెరుగులో ముంచి ఆరబెట్టిన గుడ్డ కట్టి ఇచ్చింది. ఆ తోడు ఇప్పటిదాకా మా ఇంట్లో తెగలేదు. కడుపునొప్పికి మన ఇంటి పెరుగు కావాలి, గుడ్డ పంపమని నువ్వు రాసినప్పుడు నీకూ అట్లాగే ఆరబెట్టాను. కానీ "పెరుగు కాగానే మొదటి గిన్నె నైనైకి పెడతా" అని ఆ ఉత్తరంలోనే రాశావు చూడు, నా కడుపు మండింది. ఆరిన గుడ్డను కాగే నీళ్లలో ముంచి, మళ్లీ ఆరబెట్టి పంపాను. అందులో ప్రాణం లేదు.

నా కుళ్లుతో నీ నొప్పి ఇంకో రెండు నెలలు సాగింది. చివరికి ఆమె చేతి ముల్లంగే నిన్ను కాపాడింది. మీ బాపుకు ఇంకా చెప్పలేదు. ఈ ఉత్తరం నేనే రాస్తున్నా, అందుకే అక్షరాలు వంకర.

నీ దగ్గరికి వస్తున్న నీ స్నేహితురాలు దీపాలి చేతికి కొత్త గుడ్డ ఇస్తున్నా. దేవుడి మీద ఒట్టు, ఇది మంచిది. గిన్నెకు నీ స్వెటర్ చుట్టి పెట్టు. మొదటి గిన్నె నువ్వు తిను. రెండోది ఆమెకు పెట్టు. తిని ఏమన్నదో ఉన్నదున్నట్టు రాయి.

వచ్చేటప్పుడు ఆ ముల్లంగి ఎట్లా వేస్తుందో అడిగి రాసుకుని రా. నీ కడుపు ఇప్పుడు సగం అక్కడిదైంది కదా, ఇంటికి వచ్చాక దానికి కష్టం కావద్దు. ఆమెకన్నా నేనే బాగా పెడతా.

ఇట్లు,
నీ అసలు బాపమ్మ,
గంగుబాయి